సొంతిల్లు: అమ్మానాన్నల రోజుల్లో, మన రోజుల్లో – తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ మొదటి ఇల్లు కొనాలని చూసేవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు నన్ను పదే పదే అడిగే ప్రశ్నలివి. లెక్కలన్నీ హైదరాబాద్ మధ్యతరగతికి సరిపోయేలా వేశాను. విజయవాడ, విశాఖల్లో రేట్లు వేరు కానీ తిప్పలు ఇలాంటివే. ఇల్లు కొనే విషయంలో తండ్రీ కొడుకులు నెలల తరబడి మాట్లాడుకోని ఇళ్లు నాకు తెలుసు. ఎవరు ఎక్కడ ఇబ్బంది పడ్డారో, పడుతున్నారో విడమర్చి చెబితే అలాంటి గొడవలు కొన్నైనా సర్దుకుంటాయన్న ఆశతో రాస్తున్నాను.

"మేము ఒక్క జీతంతో ఇల్లు కట్టాం. మీరిద్దరూ సంపాదిస్తూ కూడా ఎందుకు కొనలేకపోతున్నారు?" అని నాన్న అడుగుతున్నారు. ఏం చెప్పాలి?

ముందు ఆయన చెప్పింది నిజమేనని ఒప్పుకోండి. 1980ల్లో ఒక గుమాస్తా, ఒక టీచరు, ఒక ఆర్టీసీ కండక్టరు ఊరి చివర నూట యాభై, రెండు వందల గజాల జాగా కొనుక్కోగలిగారు. సొసైటీలో సభ్యత్వం తీసుకుని నెల నెలా వాయిదాలు కట్టినవాళ్లున్నారు, చీటీ పాడి కొన్నవాళ్లున్నారు. హౌసింగ్ బోర్డు కట్టిన కూకట్‌పల్లి కాలనీలో ఎల్ఐజీ (తక్కువ ఆదాయం వాళ్లవి), ఎంఐజీ (మధ్య ఆదాయం వాళ్లవి) ఇళ్లు వచ్చినవాళ్లూ ఉన్నారు.

అయితే ఆయనకు దొరికిన వెసులుబాటు ఒకటి మీకు లేదు. ఆయన ఇల్లంతా ఒకేసారి కొనలేదు. జాగా ఒక ఏడాది, బావో బోరో ఇంకో ఏడాది, తర్వాత రెండు గదులు, వంటిల్లు. గోడలకు ప్లాస్టరింగ్ కాకుండానే గృహప్రవేశం. పైన పిల్లర్లకు ఇనుప చువ్వలు వదిలేసి, పదేళ్ల తర్వాత కొడుకు పెళ్లప్పుడు పై అంతస్తు. చేతిలో డబ్బు ఆడినప్పుడే పని సాగింది, ఆడనప్పుడు ఆగింది. ఆగినందుకు ఎవరూ ఫైన్ వేయలేదు. మీ ముందున్నది మాత్రం అపార్ట్‌మెంట్‌లో పూర్తయిన ఫ్లాటు. అందులో సగం ఇప్పుడు, సగం తర్వాత అంటే కుదరదు. మొత్తం ధర ఒక్కసారే మీ నెత్తిన పడుతుంది, అందుకే మొత్తం అప్పూ ఒక్కసారే.

అంటే అప్పటివాళ్లకు కష్టం తక్కువేనా?

కానే కాదు. ఈ మాట మా వయసువాళ్లు అన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది.

అప్పట్లో మామూలు మనిషికి ఇంటి అప్పు పుట్టేది కాదు. హెచ్‌డీఎఫ్‌సీ మొదలైంది 1977లో, ఎల్ఐసీ హౌసింగ్ ఫైనాన్స్ 1989లో. గవర్నమెంటు ఉద్యోగులకు హౌస్ బిల్డింగ్ అడ్వాన్సు ఉండేది. మిగిలినవాళ్లకు చీటీలు, చేబదుళ్లు, వడ్డీ వ్యాపారి, అమ్మ మెడలో బంగారం. 1990ల నడిమిలో ఇంటి లోను దొరికినా వడ్డీ 15, 16 శాతం దాకా ఉండేది. 16 శాతానికి లక్ష రూపాయలు పదిహేనేళ్లకు తీసుకుంటే నెలకు 1,469 రూపాయలు కట్టాలి. ఇప్పుడు 8 శాతానికి అదే లక్షకు 956 రూపాయలు.

డబ్బున్నా సామాను దొరకని రోజులు కూడా ఉన్నాయి. సిమెంటు మీద ప్రభుత్వ నియంత్రణను 1982లో కొంతవరకు, 1989లో పూర్తిగా ఎత్తేశారు. అంతకు ముందు కంట్రోలు ధరకు సిమెంటు కావాలంటే పర్మిట్ కోసం ఆఫీసు చుట్టూ తిరగాలి.

మా ఇంట్లో నాన్న రాసిన ఇంటి లెక్కల నోటుబుక్కు ఇప్పటికీ ఉంది. ఇటుకలు వెయ్యికి ఇంత, ఇసుక లారీకి ఇంత, మేస్త్రీకి శనివారం ఇచ్చింది ఇంత అని వరసగా ఉంటాయి. మధ్యలో ఒకచోట "గాజులు" అని రాసి, పక్కన అంకె వేసి, కింద గీత కొట్టి ఉంది. ఆ అంకె ఖర్చు వరసలో లేదు, జమ వరసలో ఉంది. అమ్మ గాజులు స్లాబుకి వెళ్లాయని అలా తెలిసింది. సినిమా లేదు, పండక్కి కొత్త బట్టలు పిల్లలకే. ఆ లేమిలోంచి వచ్చిన ఇంటిని "మీకు చీప్‌గా వచ్చింది" అనడం అన్యాయం.

మరి ఇప్పటి పిల్లల కష్టం అసలు ఎక్కడుంది? ఫోన్లు, హోటళ్లు, ట్రిప్పులు మానేస్తే సరిపోదా?

ఫోను, బిర్యానీ, గోవా ట్రిప్పు అన్నీ మానేశారనే అనుకుందాం. నెలకు పది వేలు మిగిలితే ఏడాదికి లక్షా ఇరవై వేలు. పొదుపు మంచిదే, చేయాల్సిందే. కానీ మధ్యతరగతి కొనే ఒక మాదిరి డబుల్ బెడ్‌రూం ఫ్లాటు ధర ఏడాదిలో అంతకంటే ఎక్కువే పెరిగిన సంవత్సరాలు హైదరాబాద్‌లో ఎన్నో ఉన్నాయి.

కష్టమంతా నేల ధర దగ్గరుంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. ఎకరానికి 4,840 గజాలు కాబట్టి గజం రెండు లక్షలు దాటింది. అక్కడ కొనేది మనలాంటివాళ్లు కాదు, నిజమే. కానీ ఆ వేలం మర్నాడే చుట్టుపక్కల ఊళ్లలో జాగా ఉన్న ప్రతి ఒక్కరూ రేటు పెంచేశారు. అలా ఆ ధర సెగ పటాన్‌చెరు, శంకర్‌పల్లి దాకా వచ్చి మనకు తగులుతుంది.

జీతాలు మాత్రం అలా కదల్లేదు. పెద్ద ఐటీ కంపెనీల్లో చేరే ఫ్రెషర్‌కి 2010 ప్రాంతంలో ఏడాదికి మూడు లక్షల పైచిలుకు ఇచ్చేవాళ్లు. ఇప్పటికీ చాలామంది మూడున్నర, నాలుగు దగ్గరే మొదలుపెడుతున్నారు. ఇదే పదిహేనేళ్లలో అద్దెలు, స్కూలు ఫీజులు, ఆస్పత్రి బిల్లులు ఎంత పెరిగాయో ఏ ఇంట్లో వాళ్లనడిగినా చెబుతారు. కొందరు ఇంటికంటే ముందే అమెరికాలో ఎంఎస్ చదువు కోసం నలభై, యాభై లక్షల అప్పు నెత్తినెత్తుకుంటున్నారు.

మా పెద్దవాళ్లకు రోజువారీ సరుకులు కొనడం కష్టమైంది, జాగా అందుబాటులో ఉంది. మనకు సరుకులు, బట్టలు, ఫోన్లు తేలిగ్గా అందుతున్నాయి, జాగా అందడం లేదు. చేతిలో కొత్త ఫోను చూసి వీడికి డబ్బుందని అనుకోవడం వల్లే ఇళ్లల్లో సగం అపార్థాలు.

డౌన్ పేమెంట్ అంత పెద్ద అడ్డంకా? బ్యాంకులు పిలిచి మరీ లోను ఇస్తున్నాయి కదా?

నా అనుభవంలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం ఇంటి విలువలో బ్యాంకు ఇవ్వగలిగేదానికి పరిమితి ఉంది. 30 లక్షల దాకా లోనైతే 90 శాతం, 30 నుంచి 75 లక్షల మధ్య 80 శాతం, ఆపైన 75 శాతం. అది కూడా గరిష్ఠం మాత్రమే.

80 లక్షల ఫ్లాటు తీసుకుందాం, ఇంకా కట్టుబడిలో ఉందనుకోండి. లోను 64 లక్షలు. మీ చేతి నుంచి 16 లక్షలు. జీఎస్టీ 5 శాతం, అంటే 4 లక్షలు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 6 లక్షలు. 2021 జూలైకి ముందు ఇది 6 శాతమే ఉండేది. ఈ రిజిస్ట్రేషన్ ఖర్చును బ్యాంకు ఇంటి విలువలో కలపదు. మొత్తం 26 లక్షలు. ఇందులో కార్పస్ ఫండ్ (అపార్ట్‌మెంట్ నిర్వహణ నిధి), కార్ పార్కింగ్, కప్‌బోర్డులు, కిచెన్ పని ఏవీ లేవు. అద్దె కట్టుకుంటూ, పిల్లల్ని చదివించుకుంటూ 26 లక్షలు పోగేయడానికి ఎన్నేళ్లు పడుతుందో మీ జీతంతో ఒకసారి లెక్క వేసుకోండి.

అసలు తేడా ఇక్కడ బయటపడుతుంది. ఒకే ఆఫీసులో, పక్క పక్క సీట్లలో, ఒకే జీతానికి పనిచేసే ఇద్దరిని చూడండి. ఒకరి నాన్న 1985లో దిల్‌సుఖ్‌నగర్ అవతల ఒక ప్లాటు కొన్నారు. ఇంకొకరి నాన్న మహబూబ్‌నగర్‌లోనో శ్రీకాకుళంలోనో కౌలు రైతు. మొదటి వ్యక్తి ముప్ఫై ఏళ్లకే ఫ్లాటు కొంటారు, రెండో వ్యక్తి నలభై దాటినా అద్దెలోనే ఉంటారు. తరాల మధ్య తేడా గురించి అందరూ మాట్లాడతారు. నా దృష్టిలో అంతకంటే పెద్దది, ఒకే తరంలో వెనక ఆస్తి ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య పెరుగుతున్న తేడా. దాన్ని తెలివితేటల తేడాగా, క్రమశిక్షణ తేడాగా చెప్పుకోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

వడ్డీ రేట్లు తగ్గాయి కదా. ఈఎంఐ కట్టుకుంటూ పోతే ఇల్లు మనదైపోదా?

అవుతుంది, కానీ చాలా నెమ్మదిగా. లోను శాంక్షన్ అయ్యాక బ్యాంకు ఇచ్చే వాయిదాల పట్టికను చాలామంది తెరిచి కూడా చూడరు. ఒకసారి చూద్దాం. 64 లక్షలు, 8 శాతం, 20 ఏళ్లు. ఈఎంఐ సుమారు 53,500. మొదటి నెల అందులో 42,667 రూపాయలు వడ్డీ, అసలుకు వెళ్లేది పదకొండు వేల లోపే. ఐదేళ్లు ఒక్క నెల కూడా తప్పకుండా కడితే మీరు కట్టింది 32 లక్షలు దాటుతుంది, అసలు తగ్గింది మాత్రం 8 లక్షలు. ఇంకా 56 లక్షలు బాకీ. ఈఎంఐ తగ్గుతుంది కదా అని 30 ఏళ్లకు పెట్టుకుంటే నెలకు 47 వేల దగ్గరికి దిగుతుంది, కానీ మొత్తం కట్టేది కోటీ 28 లక్షల నుంచి కోటీ 69 లక్షలకు పెరుగుతుంది.

పైగా వడ్డీ మన చేతిలో ఉండదు. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు కొత్త ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) లోన్లను రెపో రేటు (రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ) లాంటి బయటి ప్రామాణికానికి ముడిపెట్టాలి. 2020 మే నుంచి 4 శాతం దగ్గర ఉన్న రెపో, 2022 మేలో పెరగడం మొదలై 2023 ఫిబ్రవరికి 6.5కి చేరింది. 2021లో 7 శాతానికి అదే 64 లక్షలు తీసుకున్నవాళ్ల ఈఎంఐ 49,600 చిల్లర. రెండేళ్ల తర్వాత వాళ్ల వడ్డీ తొమ్మిదిన్నర అయింది. అదే ఈఎంఐలో 48 వేల పైన వడ్డీకే పోయి, అసలుకు మిగిలింది నెలకు పదిహేను వందల లోపు. బ్యాంకులు ఈఎంఐ పెంచకుండా గడువును పొడిగించుకుంటూ పోయాయి, చాలామందికి అది తెలియను కూడా తెలియలేదు. దాంతో 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు, రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకోవాలా గడువు పెంచుకోవాలా అన్న ఎంపిక అప్పు తీసుకున్నవాళ్లకే ఇవ్వాలని చెప్పింది. మీ బ్యాంకు ఆ ఎంపిక అడుగుతూ లెటరు పంపితే పక్కన పడేయకండి. వీలైతే ఈఎంఐ పెంచమనే చెప్పండి.

అన్ని తరాల్లోకీ అదృష్టవంతులెవరు?

నన్నడిగితే 2002 నుంచి 2005 మధ్య కొన్నవాళ్లు. 1990ల నడిమి బూమ్ తర్వాత స్థలాల ధరలు చాలాకాలం నీరసంగా ఉన్నాయి. వడ్డీ పదహారు నుంచి ఎనిమిది దగ్గరికి దిగింది. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఐటీ జీతాలు అప్పుడే చేతికొస్తున్నాయి. ధర తక్కువ, వడ్డీ తక్కువ, జీతం పెరుగుతున్న కాలం: మూడూ ఒక్కచోట కలవడం మళ్లీ జరగలేదు. తెలంగాణ ఉద్యమ కాలంలో, 2009 నుంచి 2014 దాకా, ధరలు స్తబ్దుగా ఉన్నప్పుడు ధైర్యం చేసినవాళ్లూ బాగానే ఉన్నారు. వీళ్లలో కొందరు పిల్లలకు క్లాసు పీకుతుంటారు. వాళ్ల ముందుచూపును కాదనను. అదే ముందుచూపు ఉన్న మనిషి 2022లో ఇరవై ఆరేళ్ల వయసులో ఉంటే ఏం చేయగలిగేవాడో కూడా వాళ్లు ఆలోచించాలి.

అమ్మానాన్నలు డబ్బిస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

వాళ్ల దగ్గర నిజంగా మిగులు ఉంటే మొహమాటపడకుండా తీసుకోండి. పోయాక వచ్చే వాటా కంటే ఇప్పుడు అందే పది లక్షలు ఎక్కువ పనికొస్తాయి. తల్లిదండ్రులు ఇచ్చే డబ్బు మీద మీకు ఆదాయపు పన్ను లేదు. బ్యాంకు ద్వారానే పంపమనండి, ఒక చిన్న గిఫ్ట్ లెటరు రాయించుకోండి.

అయితే వాళ్ల వృద్ధాప్యం ఖర్చు ముందు లెక్కేయాలి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగంలో 2004 సెప్టెంబరు 1కి ముందు చేరినవాళ్లకు పాత పెన్షన్ ఉంది. ఆ తర్వాత చేరినవాళ్లకు జీతంలోంచి వాటా కట్టే పెన్షన్ పథకం సీపీఎస్సే. ప్రైవేటులో పనిచేసి రిటైరైనవాళ్లకు పీఎఫ్ డబ్బే ఆధారం, అది తీసుకుని డౌన్ పేమెంట్ కట్టొద్దు. ఊళ్లో వాళ్లుంటున్న ఇల్లు అమ్మించడం అసలే వద్దు. "మీతోనే ఉంటాం లే" అని ఇవాళ అన్నా, రెండు గదుల ఫ్లాట్‌లో పదకొండో అంతస్తులో వాళ్లకు ఊపిరాడకపోవచ్చు.

పెద్దవాళ్లు ఆస్తి గిఫ్ట్ డీడ్ రాసేటప్పుడు తమను చూసుకోవాలన్న షరతు అందులో రాయించుకోవడం తప్పేమీ కాదు. ఆ షరతు తప్పితే డీడ్‌ను రద్దు చేయించుకునే వీలు 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో ఉంది.

అక్క కూడా ఆస్తిలో వాటా అడుగుతోంది. పెళ్లప్పుడు ఇచ్చేశాం కదా?

ఉమ్మడి రాష్ట్రంలో 1985లోనే, దేశమంతా 2005లో, హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు వచ్చింది. పసుపు కుంకుమ కింద ఏదో ఇచ్చామని ఆ హక్కు పోదు. చట్టం సంగతి పక్కనబెట్టినా, ఆవిడ కూడా ఇదే ఊళ్లో ఇవే ధరలకు ఇల్లు కొనాలి. ఊళ్లో పొలం అమ్మి తమ్ముడి ఫ్లాటుకు పెడుతుంటే అక్కతో ముందే కూర్చుని మాట్లాడండి, రాతకోతలు అప్పుడే పూర్తి చేయండి.

అద్దెకుంటే డబ్బంతా దండగేనా?

కాదు. 80 లక్షల ఫ్లాటుకు చాలా ఏరియాల్లో 20, 25 వేల అద్దె నడుస్తోంది. అదే ఫ్లాటు కొంటే ఈఎంఐ 53 వేలు, మీద మెయింటెనెన్స్, ఇంటి పన్ను. ఆ తేడాను ప్రతి నెలా నిజంగా దాచగలిగితే అద్దెలో ఉండటం తెలివైన పనే. దాచకపోతేనే దండగ.

అయితే అద్దె కష్టాన్ని డబ్బుతో మాత్రమే కొలవకూడదు. ఓనరు కొడుకు అమెరికా నుంచి వస్తున్నాడంటే రెండు నెలల్లో ఖాళీ చేయాలి. కులమేంటి, మాంసం వండుతారా, రాత్రి ఎన్నింటికి వస్తారు అన్న ప్రశ్నలకు జవాబు చెప్పాలి. గోడకు మేకు కొట్టాలన్నా అడగాలి. సొంతిల్లు కావాలన్న ఆరాటం వెనక ఇవన్నీ ఉన్నాయి. దాన్ని పిచ్చి అనొద్దు.

సంబంధాలు చూస్తుంటే "సొంతిల్లు ఉందా" అని ముందే అడుగుతున్నారు. పెళ్లికి ముందే కొనేయాలా?

వద్దు. పెళ్లయ్యాక ఇద్దరి ఉద్యోగాలు ఎక్కడుంటాయో, ఆ అమ్మాయికి ఏ ప్రాంతం నచ్చుతుందో తెలియకుండా ఇరవై ఏళ్ల అప్పు చేయడం మంచిది కాదు.

ప్రీ-లాంచ్‌లో సగం ధరకే ఇస్తామంటున్నారు. మాలాంటివాళ్లకు అదే దారి కదా?

దయచేసి వద్దు. ధరలు అందనివాళ్లే ఈ వలలో పడుతున్నారు, అదే నన్ను ఎక్కువగా కలచివేసేది. అనుమతులు రాకముందే, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరా ఇచ్చే నంబరు లేకుండానే, యూడీఎస్ (జాగాలో విడదీయని వాటా) పేరుతో మొత్తం డబ్బు కట్టించుకుంటారు. తర్వాత జాగా వివాదంలో పడుతుంది, లేదా డబ్బు ఇంకో వెంచరుకు తరలిపోతుంది. 2016 నాటి రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన జాగాలో గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ కట్టే ప్రాజెక్టును రిజిస్టర్ చేయకుండా అమ్మకూడదు. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకముందే పది శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. కొనుగోలుదారుల డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే వేరే ఖాతాలో ఉంచాలి. వందకు వంద శాతం ముందే అడిగారంటేనే లేచి వచ్చేయండి.

ఈ విషయంలో పెద్దవాళ్ల సాయం తీసుకోండి. లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు) ముప్ఫై ఏళ్ల వెనక్కి చదవడం, ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ తీయించడం, ఊళ్లోకి వెళ్లి ఆ భూమి ఎవరిదని నలుగురినీ అడగడం వాళ్లకు అలవాటైన పని. ఆ జాగా చెరువు ఎఫ్‌టీఎల్‌లో, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు లోపల, ఉందో లేదో కూడా చూడాలి. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఈ మాట అందరికీ తెలిసింది కానీ, చెరువు శిఖం భూమి కొనొద్దని ఊళ్లో పెద్దలు ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నారు.

ప్రభుత్వం నుంచి ఏమైనా సాయం ఉందా?

కొద్దిగా. 2024 సెప్టెంబరులో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో దశలో, ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం ఉండి దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేనివాళ్లకు వడ్డీ రాయితీ ఉంది. ఇంటి విలువ 35 లక్షలు, లోను 25 లక్షలు మించకూడదు. గరిష్ఠంగా 1.80 లక్షలు ఐదు వాయిదాల్లో వస్తుంది. హైదరాబాద్‌లో 35 లక్షలకు ఇల్లు వెతకడమే కష్టం కాబట్టి ఇది చిన్న పట్టణాల వాళ్లకు ఎక్కువ పనికొస్తుంది. పన్ను విషయానికొస్తే, సొంతంగా ఉండే ఇంటి లోను వడ్డీపై 2 లక్షల మినహాయింపు పాత పద్ధతిలోనే దొరుకుతుంది, కొత్త పద్ధతిలో లేదు.

ఇంతకీ మేం కొనాలా, ఆగాలా? ఎంత ఈఎంఐ దాకా పర్వాలేదు?

ఇద్దరూ సంపాదిస్తున్నా ఒక్కరి జీతంతో ఈఎంఐ కట్టి, ఇంటి ఖర్చు ఈడ్చుకు రాగలరా అని చూడండి. ఉద్యోగాలు ఊడటం, కాన్పు, అత్తగారి ఆపరేషన్ లాంటివి ఇరవై ఏళ్లలో రాకుండా ఉండవు. ఆరు నెలల ఈఎంఐ విడిగా ఎఫ్‌డీలో ఉంచుకున్నాకే అడుగేయండి. ఆ రెండూ లేకపోతే ఆగడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

కొనగలిగే స్థితిలో ఉంటే పది, పదిహేనేళ్ల పాత ఫ్లాట్లు కూడా చూడండి. జీఎస్టీ ఉండదు, చేరిన రోజు నుంచే అద్దె ఆగుతుంది. ఐదంతస్తుల పాత అపార్ట్‌మెంట్లలో మీ వాటాకు వచ్చే నేల కూడా పెద్ద టవర్లలో కంటే ఎక్కువే ఉంటుంది. లిఫ్టు, నీళ్లు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (నివాసానికి అనుమతి పత్రం), అసోసియేషన్ బాకీలు చూసుకోండి. ఫ్లోటింగ్ లోను ముందే తీర్చినా వ్యక్తుల మీద పెనాల్టీ లేదు కాబట్టి, బోనస్ వచ్చినప్పుడు ఏడాదికి ఒక్క ఈఎంఐ అదనంగా కట్టండి. 8 శాతం దగ్గర 20 ఏళ్ల లోను దాదాపు పదహారేళ్ల ఎనిమిది నెలల్లో తీరిపోతుంది. కట్టేటప్పుడు ఈఎంఐ తగ్గించమనకుండా, గడువు తగ్గించమని బ్యాంకుకు రాసివ్వండి.